మిశ్రమ వినియోగ భవనాల రూపకల్పన బోధన: సికింద్రాబాద్ రెజిమెంటల్ బజార్ ఆధారంగా

కింద దుకాణం, పైన ఇల్లు, వెనక గోదామో చిన్న కార్ఖానానో ఉండే కట్టడాన్ని మిశ్రమ వినియోగ భవనం అంటారు. తాగునీరు, మురుగుకాలువ, గాలి, వెలుతురు, అగ్ని రక్షణ, స్థలంపై హక్కు వంటివి సరిగా అందని నగర పేటల కోసం ఇలాంటి భవనాలను రూపొందించడం విశ్వవిద్యాలయ స్థాయిలో ఎలా నేర్పుతారు, ఎలా నేర్పాలి అన్నది ఈ వ్యాస విషయం. ఆర్కిటెక్చర్, పట్టణ ప్రణాళిక, సివిల్ ఇంజనీరింగ్ శాఖలు మూడింటికీ ఇందులో పాత్ర ఉన్నా, ఈ చదువు ప్రధానంగా సాగేది ఆర్కిటెక్చర్ కోర్సులోని డిజైన్ స్టూడియోలోనే. సికింద్రాబాద్ రైల్వే స్టేషన్ పక్కన ఉన్న రెజిమెంటల్ బజార్‌ను ఇక్కడ ఉదాహరణగా తీసుకున్నాం. అక్కడ మిశ్రమ వినియోగాన్ని కొత్తగా ప్రవేశపెట్టవలసిన పని లేదు. బజారు పుట్టినప్పటి నుంచీ అది బతుకుతున్న తీరే అది. దుకాణాన్నీ ఇంటినీ కలపడం ఎలాగో బజారుకు తెలుసు. ఆ కలయికలో కొరవడినదేమిటో కొలిచి చూసి, ఉన్నవాళ్లు అక్కడ ఉండగానే దాన్ని సరిదిద్దడం విద్యార్థి నేర్చుకోవాలి. అందుకే ఈ బోధన ఖాళీ స్థలంతో కాక, నిలబడి ఉన్న కట్టడంతో మొదలు కావాలి. ఈ వాదనకు చరిత్రలోనూ, లెక్కల్లోనూ, సికింద్రాబాద్‌లో ఇటీవల జరిగిన ప్రమాదాల్లోనూ ఆధారాలు ఉన్నాయి.

నిర్వచనం, పరిధి

మిశ్రమ వినియోగం మూడు తీరులుగా కనిపిస్తుంది. అంతస్తును బట్టి వాడకం మారితే అది నిలువు మిశ్రమం: కింద మడిగె, పైన కాపురం. ముందు భాగం వ్యాపారానికీ వెనక భాగం నివాసానికీ పోతే అది అడ్డ మిశ్రమం. మూడోది వేళల మిశ్రమం. ఒకే అరుగు తెల్లవారుజామున టిఫిన్ బండికి అనువవుతుంది, పగలు మిక్సీలు బాగుచేసే చోటవుతుంది, రాత్రి పడకవుతుంది. మొదటి రెండింటినీ మాస్టర్ ప్లాన్లు, భవన నిబంధనలు గుర్తిస్తాయి. మూడోదానికి ఏ పటంలోనూ రంగు లేదు. కానీ పేద పేటల్లో చదరపు అడుగుకు అత్యధిక ఉపయోగం రాబట్టేది ఇదే. స్థలం కొరత ఉన్నచోట జనం కాలాన్ని పంచుకుంటారు. కాగితం మీద వాడకాలను గదులవారీగా మాత్రమే చూసే విద్యార్థికి ఈ సంగతి అందదు.

‘సదుపాయాలు అందని పేట’ అనే మాటకు ‘మురికివాడ’ సమానార్థకం కాదు. గ్రేటర్ హైదరాబాద్‌లో 1,476 మురికివాడలు ఉన్నట్టు నగరపాలక సంస్థ పత్రాలు లెక్క చెబుతాయి. వాటిలో 985 నోటిఫై అయినవి, మిగిలినవి కానివి. ఈ జాబితా చట్టపరమైన గుర్తింపును చెబుతుంది తప్ప ఒక ఇంటి వెనక గదిలోకి గాలి వస్తుందో లేదో చెప్పదు. పాత బజారు పేటల్లో ఒకే గల్లీలో బాగా నడిచే దుకాణం, దాని వెనక కిటికీ లేని కిరాయి గది, పైన రేకుల షెడ్డు పక్కపక్కనే ఉంటాయి. అక్కడ లేమి వాడలుగా విడిపోయి ఉండదు. అంతస్తులుగా, గదులుగా విడిపోయి ఉంటుంది. అందుకే పేటను వైమానిక చిత్రంలో చూసి అంచనా వేయడం కంటే ఒక్కో కట్టడాన్ని నిలువునా కోసి చూడటం ఈ చదువులో ముఖ్యం.

రెజిమెంటల్ బజార్: స్థల చరిత్ర

1798లో నిజాం ఈస్టిండియా కంపెనీతో సైన్య సహకార ఒప్పందం చేసుకున్న తరువాత హుస్సేన్‌సాగర్‌కు ఉత్తరాన కంపెనీ దళాలు విడిది చేశాయి. 1806లో ఆ విడిదికి మూడో నిజాం సికందర్ జా పేరు వచ్చింది. సైన్యం ఉన్నచోట దాని అవసరాలు తీర్చే బజార్లు పుడతాయి. కంటోన్మెంట్లలో ఇవి రెండు రకాలు: మొత్తం విడిదికి ఉమ్మడిగా ఉండే సదర్ బజారు, ఒక్కో పటాలానికి విడిగా ఉండి దాని కమాండింగ్ అధికారి అదుపులో నడిచే రెజిమెంటల్ బజారు. మన పేట పేరు ఈ రెండో రకం నుంచి వచ్చింది. సిపాయిలతో పాటు వంటవాళ్లు, చాకళ్లు, డోలీ బోయీలు, కుట్టుపనివాళ్లు, ధాన్యం వర్తకులు వచ్చారు. మద్రాసు సైన్యం వెంట తమిళ కుటుంబాలు వచ్చి స్థిరపడ్డాయి. జనరల్ బజార్‌లోని ఉజ్జయినీ మహాంకాళి ఆలయాన్ని 1815లో నెలకొల్పినది సైన్యంలో డోలీ మోసిన సురిటి అప్పయ్య అన్న సంగతిని బట్టి ఈ బజార్లను ఎవరు నిలబెట్టారో తెలుస్తుంది. సైన్యం వెంట వచ్చిన ఈ జనానికి పనీ నివాసమూ ఒకే కప్పు కింద ఉండటం సహజం. సరుకు కాపాడుకోవడానికి అక్కడే పడుకోవాలి, పడుకునే చోటే అమ్ముకోవాలి.

1874లో వాడి నుంచి రైలు మార్గం సికింద్రాబాద్‌కు చేరడంతో బజారుకు గిరాకీ ఇచ్చేవారు మారారు. సిపాయితో పాటు ప్రయాణికుడు వచ్చాడు. లాడ్జీలు, హోటళ్లు, సామాను మోసే కూలీల అడ్డాలు స్టేషన్ చుట్టూ పేరుకున్నాయి. 1945లో కంటోన్మెంటులోని జనావాస ప్రాంతాలు తిరిగి నిజాం ప్రభుత్వ పాలనలోకి వచ్చాయి, సికింద్రాబాద్‌కు మునిసిపాలిటీ ఏర్పడింది. 1960లో అది హైదరాబాద్ నగరపాలక సంస్థలో కలిసింది, 2007లో గ్రేటర్ హైదరాబాద్ నగరపాలక సంస్థ వచ్చింది. పాలన ఇన్ని చేతులు మారినా స్థలాల ముక్కలు మారలేదు. చిన్న ముఖద్వారం, పొడుగాటి లోతు అలాగే మిగిలాయి. 2020 ఫిబ్రవరిలో జేబీఎస్ నుంచి ఎంజీబీఎస్ వరకు మెట్రో మార్గం తెరుచుకుంది, సికింద్రాబాద్ వెస్ట్ స్టేషన్ దానిమీదే ఉంది. 2023 ఏప్రిల్ 8న సుమారు 720 కోట్ల రూపాయలతో రైల్వే స్టేషన్ పునర్నిర్మాణానికి శంకుస్థాపన జరిగింది. ఇంత పెట్టుబడి పక్కన పడిన చిన్న స్థలాల మీద అమ్మేయమనే ఒత్తిడి పెరుగుతుంది. నాలుగు స్థలాలు కలిపి ఒక సముదాయం లేపితే పాత కిరాయిదారుకు అందులో చోటు దొరకడం కష్టం. ఈ పేటను స్టూడియోకు తీసుకునే ఉపాధ్యాయుడు ముందుగా విద్యార్థులకు చెప్పవలసిన పరిస్థితి ఇది.

బోధన చరిత్ర

ఇరుకు పేటను కూల్చకుండా బాగుచేయవచ్చన్న ఆలోచనను భారతదేశంలో పద్ధతిగా మలిచినవాడు ప్యాట్రిక్ గెడ్డిస్. 1914లో ఇక్కడికి వచ్చి, 1915లో మద్రాసు ప్రెసిడెన్సీ పట్టణాల మీద నివేదికలు రాశాడు. కొత్త రోడ్డు కోసం ఇళ్ల వరుసలు కొట్టేయాలన్న ఇంజనీర్ల ప్రతిపాదనలకు బదులు, గల్లీ గల్లీ నడిచి, శిథిలమైన ఒకటి రెండు కట్టడాలు మాత్రం తీసి గాలికి చోటివ్వమన్నాడు. చికిత్సకు ముందు రోగనిర్ధారణ జరగాలన్నది ఆయన సూత్రం. 1919లో బొంబాయి విశ్వవిద్యాలయంలో సివిక్స్, సోషియాలజీ శాఖకు ఆచార్యుడై ఆ నడకను తరగతి పాఠంగా మార్చాడు. ఆ తరువాతి వందేళ్లలో వచ్చిన ప్రయత్నాలలో చాలావాటికి మూలం ఇక్కడే ఉంది.

హైదరాబాద్‌లో అదే కాలంలో వేరే దారి నడిచింది. 1908 మూసీ వరద, ఆపైన ప్లేగు తరువాత 1912లో ఏర్పడిన నగర అభివృద్ధి మండలి ఇరుకు బస్తీలు తొలగించి వరుస ఇళ్లు కట్టింది, రోడ్లు వెడల్పు చేసింది. పత్తర్‌గట్టీలో రాతి కమానుల కింద దుకాణాలు, వాటి పైన ఇళ్లు వచ్చేలా కట్టిన వీధి ఈ నగరంలో ప్రభుత్వం స్వయంగా చేపట్టిన మిశ్రమ వినియోగ నిర్మాణాల్లో ముఖ్యమైనది. వాన, ఎండ తగలని నడకదారి, ఏకరీతి ముఖభాగం, పైన నివాసం అన్నీ అందులో ఉన్నాయి. అంత బాగా కట్టినా అది కూల్చి కట్టినదే. పాతవాళ్లలో ఎందరు తిరిగి అక్కడికి రాగలిగారన్న ప్రశ్న విద్యార్థి అడగవలసినది, ఎందుకంటే ఎలివేషన్ చూస్తే ఆ జవాబు దొరకదు.

ఆర్కిటెక్చర్ చదువు హైదరాబాద్‌లో 1940లో మొదలైన లలితకళలు, వాస్తు కళాశాలలో రూపుదిద్దుకుంది. 1972లో అది జవహర్‌లాల్ నెహ్రూ సాంకేతిక విశ్వవిద్యాలయంలో భాగమైంది, 2008లో జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్, లలితకళల విశ్వవిద్యాలయంగా వేరుపడింది. విజయవాడలోని స్కూల్ ఆఫ్ ప్లానింగ్ అండ్ ఆర్కిటెక్చర్ కూడా 2008లోనే వచ్చింది. దేశమంతటా ఈ విద్యకు కనీస ప్రమాణాలు నిర్ణయించేది 1972 ఆర్కిటెక్ట్స్ చట్టం కింద ఏర్పడిన కౌన్సిల్ ఆఫ్ ఆర్కిటెక్చర్. అయిదేళ్లు, పది సెమిస్టర్లు, వాటిలో వృత్తి శిక్షణకు ఒక కాలం, చివర థీసిస్ అన్నది చట్రం.

పేదల పేటల్లో పని చేసే అనుభవం మాత్రం ఎక్కువగా కళాశాలల బయట కూడింది. 1967లో హైదరాబాద్ నగరపాలక సంస్థలో మొదలైన పట్టణ సామాజిక అభివృద్ధి విభాగం బస్తీవాళ్లతో కలిసి పనిచేసే కార్యకర్తలను పంపింది. తరువాత పట్టాలు, బ్యాంకు రుణాలు ఇప్పించి కుటుంబాలే తమ ఇళ్లు కట్టుకునేలా చేసింది. దీనికి సమాంతరంగా ఇండోర్‌లో బాలకృష్ణ దోషి 1980లలో రూపొందించిన ఆరణ్య కాలనీలో పునాది, నీటి సౌకర్యం, మరుగుదొడ్డి ఇచ్చి మిగిలినది కుటుంబానికే వదిలారు. అక్కడి అతి చిన్న స్థలం సుమారు 35 చదరపు మీటర్లు, అంటే దాదాపు 42 గజాలు. దానికి 1995లో ఆగాఖాన్ పురస్కారం లభించింది. కళాశాలలే ఈ పనికి దిగిన ఉదాహరణలు విదేశాల్లో ఉన్నాయి. అమెరికాలో యేల్ విశ్వవిద్యాలయం 1967 నుంచి మొదటి ఏడాది విద్యార్థుల చేత నిజమైన కట్టడం కట్టిస్తోంది. అలబామాలో ఆబర్న్ విశ్వవిద్యాలయానికి చెందిన రూరల్ స్టూడియోను 1993లో శామ్యూల్ మాక్‌బీ, డి.కె. రూత్ స్థాపించారు. దాని గొప్పదనం ఏదో ఒక ఇంట్లో లేదు. ఒకే పేద జిల్లాను ఎంచుకుని మూడు దశాబ్దాలుగా అక్కడే ఉండిపోవడంలో ఉంది.

బోధన రకాలు

సాధారణ స్టూడియోలో స్థలం నిజమైనది, ఇంటి యజమాని ఊహ. ఫలితం జ్యూరీ ముందు పెట్టే షీట్లు. లైవ్ ప్రాజెక్టులో నిజమైన కుటుంబమో సంఘమో అడిగేవారుగా ఉంటారు. కట్టి చూపే స్టూడియోలో విద్యార్థులే ఇటుక పేరుస్తారు. దీనికి డబ్బు, భద్రత, బాధ్యత ఎక్కువ కావాలి కాబట్టి నగరం నడిబొడ్డున అరుదు. థీసిస్‌లో ఒక్క విద్యార్థి ఒక్క సమస్యను చివరిదాకా మోస్తాడు. ఆర్కిటెక్చర్ విద్యార్థుల సంఘం నాసా ఏటా పెట్టే పోటీల్లో పాత కట్టడాల కొలత చిత్రాలకు వేరే బహుమతి ఉంది. బజారు పేటను దస్త్రానికెక్కించే పని చాలా కళాశాలల్లో ఈ దారిన జరుగుతుంది. బజారు పేటకు వీటిలో బాగా నప్పేది లైవ్ ప్రాజెక్టే, అయితే ఒక బ్యాచ్ కొలిచినది తరువాతి బ్యాచ్‌కు చేతికందాలి. ప్రతి ఏడాదీ కొత్త పేటకు పోయే స్టూడియో ప్రతి ఏడాదీ ఓనమాల దగ్గరే ఆగిపోతుంది.

పని తీరు: కొలత నుంచి సెక్షన్ దాకా

ఈ చదువులో మొదటి పనిముట్టు టేపు. పన్నెండు అడుగుల ముఖం, ముప్పై అడుగుల లోతు ఉన్న స్థలాన్ని తీసుకుందాం: 360 చదరపు అడుగులు, సరిగ్గా 40 గజాలు. రెండు పక్కలా పొరుగింటి గోడలు. అంతస్తు ఎత్తు పది అడుగులు అనుకుంటే, ఆరు అంగుళాల ఎత్తు మెట్లు ఇరవై కావాలి. మూడడుగుల వెడల్పుతో, మధ్యలో మళ్లే రెండు వరుసల మెట్లు కడితే, ఒక్కో వరుసకు పది అంగుళాల అడుగు పట్టు తొమ్మిది పడతాయి, ఏడున్నర అడుగులు. మలుపు దగ్గర చపటాకు మరో మూడు. మెట్ల గది ఆరున్నర అడుగుల వెడల్పు, పదిన్నర అడుగుల పొడవు, మొత్తం 68 చదరపు అడుగులు. అంటే ప్రతి అంతస్తులోనూ అయిదో వంతు మెట్లకే పోతుంది. బజారు మేస్త్రీ దీన్ని ఎందుకు ఒప్పుకోడో ఈ లెక్క చెబుతుంది. ఆయన మెట్లను ముందు గోడ వెంట నిటారుగా ఎక్కిస్తాడు, లేదా దుకాణం లోపల గుండ్రటి ఇనుప నిచ్చెన బిగిస్తాడు. అది నిర్లక్ష్యమని తీసిపారేయడం తేలిక. మిగిలిన నాలుగు వంతుల్లో ఒక కుటుంబం, ఒక వ్యాపారం ఇమడాలన్న ఒత్తిడి ఆ నిచ్చెన వెనక ఉంది.

ఆ నిచ్చెన ఖరీదేమిటో సికింద్రాబాద్ చూసింది. 2022 మార్చి 23న స్టేషన్‌కు ఆవలి వైపు భోయిగూడలో కింద తుక్కు గోదాం ఉన్న కట్టడంలో మంటలు లేచి, పైన నిద్రపోతున్న 11 మంది బీహార్ కార్మికులు చనిపోయారు. వాళ్లకు దిగే దారి గోదాం లోపలి నుంచే ఉంది. అదే ఏడాది సెప్టెంబరు 12న సికింద్రాబాద్‌లో కింద ఎలక్ట్రిక్ స్కూటర్ల షోరూమ్, పైన లాడ్జి ఉన్న భవనంలో 8 మంది పోయారు. 2025 మే 18న చార్మినార్ దగ్గర గుల్జార్‌హౌజ్‌లో కింద దుకాణం, పైన కాపురం ఉన్న పాత ఇంట్లో 17 మంది బలయ్యారు. రాకపోకలకు ఇరుకైన ఒకే దారి. మూడింటిలోనూ కింద వ్యాపారం, పైన నిద్ర. మూడింటిలోనూ పొగ పైకి వచ్చిన దారే మనిషి దిగవలసిన దారి. 2016 జాతీయ భవన నియమావళి వేర్వేరు వాడకాలు ఒకే కట్టడంలో ఉన్నప్పుడు వాటి మధ్య మంటను ఆపే అడ్డు ఉండాలని చెబుతుంది. ఆ వాక్యం చదివిన విద్యార్థి మరిచిపోవచ్చు. 40 గజాల ఇంటి సెక్షన్ (నిలువు కోత చిత్రం) గీసి, గోదాంలోంచి లేచిన పొగ ఏ దారిన పడకగదిలోకి వస్తుందో ఎర్ర పెన్సిల్‌తో గుర్తించిన విద్యార్థి మరవడు.

రెండో మెట్లదారి కావాలంటే స్థలంలో మరో అయిదో వంతు పోవాలి. ఒంటరి ఇంటికి అది అసాధ్యం. ఇక్కడే రూపకల్పన అసలు పాఠం మొదలవుతుంది. ఆనుకుని ఉన్న రెండు ఇళ్ల మెట్లూ నేరుగా వీధిలోకి దిగేలా, దుకాణానికీ వాటికీ మధ్య గోడ ఉండేలా మార్చి, మిద్దె మీద పిట్టగోడలో తలుపు పెడితే ఒకరి మెట్లు మరొకరికి రెండో దారి అవుతాయి. దీనికి రెండో మెట్ల గది కోసం అదనపు స్థలం అక్కర్లేదు. కావలసింది ఇద్దరు ఇంటివాళ్ల ఒప్పందం. ఆ తలుపుకు గొళ్లెం ఎటు ఉండాలి, దొంగ భయం ఎలా తీరాలి, ఇద్దరిలో ఒకరు ఇల్లు అమ్మితే ఒప్పందం కొన్నవాడికి వర్తిస్తుందా అన్నవి డిజైన్ ప్రశ్నలే. గీత గీయడం, పొరుగువాళ్లను ఒకచోట కూర్చోబెట్టడం అనే రెండు నైపుణ్యాలు ఇక్కడ విడదీయరానివి. ఖాళీ స్థలంలో పదంతస్తుల సముదాయం గీసే విద్యార్థికి ఈ ప్రశ్న ఎన్నడూ ఎదురుకాదు, ఎందుకంటే అతని స్థలానికి పొరుగే లేదు.

వెలుతురు లెక్కా ఇంతే. కిటికీ పైకప్పు పట్టీ ఏడడుగుల ఎత్తున ఉంటే పగటి వెలుగు పనికొచ్చేంతగా పద్నాలుగు నుంచి పదిహేడు అడుగుల లోపలిదాకా వస్తుంది. ముప్పై అడుగుల లోతులో వెనక సగం పట్టపగలు కూడా బల్బు కింద బతుకుతుంది. నాలుగడుగులకు ఆరడుగుల గాలిగూడు ఒకటి తీస్తే పోయేది 24 చదరపు అడుగులు, స్థలంలో పదిహేనో వంతు. వంటగదికీ స్నానాలగదికీ వెనక గదికీ గాలి వస్తుంది. కింద దుకాణదారు ఆ పదిహేనో వంతు వదులుకోడు, ఎందుకంటే అది అతనికి సరుకు పెట్టుకునే చోటు. పైన ఉన్న ఇంటికి లాభం, కింద ఉన్న వ్యాపారానికి నష్టం. మిశ్రమ వినియోగంలోని తగువంతా ఈ చిన్న గూటిలో కనిపిస్తుంది. దాన్ని మొదటి అంతస్తు నుంచి మాత్రమే పైకి లేపి, కింద గాజు దిమ్మెల పలకతో మూయవచ్చునని ఒక విద్యార్థి, మురుగు పైపు దిగడానికి అది కింది దాకా రాక తప్పదని మరొకరు వాదించుకునే స్టూడియోలో పాఠం సాగుతున్నట్టే.

మిగిలిన అంశాలు త్వరగా చెప్పుకోవచ్చు. కుళాయి నీళ్లు రోజు విడిచి రోజు వచ్చే చోట సంపు, మోటారు, మిద్దె మీది ట్యాంకు గీతలో ఉండాలి. పాత గోడ ఆ నీటి బరువు మోస్తుందో లేదో సివిల్ ఇంజనీరింగ్ విద్యార్థి చెప్పాలి. మెట్ల కింద మీటర్ల బోర్డు, దాని పక్కనే ఛార్జింగ్‌కు పెట్టిన స్కూటరు ఉండే అలవాటును డిజైన్ మార్చగలగాలి. సరుకు దించే వేళ, దుకాణం మూసే వేళ, అద్దెకున్నవారు పనికి వెళ్లే వేళ ఒక రోజు పట్టికగా గీయాలి. 2014 వీధి విక్రేతల చట్టం తోపుడుబండికి హక్కు ఇచ్చింది కనుక, భవనం ముందున్న బండిని ప్లాన్‌లో ఖాళీగా వదలకుండా కొలతతో చూపాలి.

చట్టం, కిరాయి, హక్కు

భవన నిబంధనలు విద్యార్థికి చివరి వారంలో పరిచయమయ్యే అనుబంధంగా మిగలకూడదు. తెలంగాణలో అమలవుతున్న 2012 నాటి జీవో 168 స్థల విస్తీర్ణాన్ని బట్టి ఎత్తు, వదలవలసిన ఖాళీ నిర్ణయిస్తుంది. 2020 టీఎస్ బీపాస్ చట్టం 75 గజాల్లోపు స్థలంలో 7 మీటర్ల ఎత్తు దాకా సొంత నివాసానికి అనుమతి అక్కర్లేదని, ఒక్క రూపాయితో నమోదు చాలని సులువు చేసింది. సులువు నివాసానికే. కింద ఒక మడిగె పెట్టగానే ఆ ఇల్లు ఈ దారి నుంచి తప్పుకుంటుంది. చిన్న స్థలంవాడికి దుకాణమే పూట గడిచే మార్గం కాబట్టి, కాగితం మీద ఇల్లుగా నమోదై వాస్తవంలో దుకాణంగా నడిచే కట్టడాలు పెరుగుతాయి. అలాంటి వాటిని అగ్ని భద్రత తనిఖీ చూడదు. కరెంటు మీటరూ నీటి కనెక్షనూ కూడా గృహ, వాణిజ్య శ్రేణులుగా విడిపోయే ఉన్నాయి. నిబంధనను ఎక్కడ మార్చమని అడగాలో తెలిసేంతగా దాన్ని చదవడం ఈ కోర్సులో భాగం కావాలి.

కిరాయి మరో ముడి. 1960 నాటి భవనాల కిరాయి నియంత్రణ చట్టం పాత కిరాయిదారును ఉన్నపళంగా వెళ్లగొట్టకుండా కాపాడింది. అదే కారణంగా తక్కువ కిరాయి వచ్చే కట్టడానికి యజమాని సున్నం కూడా వేయని సందర్భాలు పాత బజార్లలో సాధారణం. స్థలం ప్రభుత్వానిదైతే 2014 నాటి జీవో 58 కింద 125 గజాల దాకా పేదలకు ఉచిత క్రమబద్ధీకరణకు వీలు వచ్చింది. నోటరీ కాగితం ఒక్కటే ఉన్నవారికి బ్యాంకు రుణం ఇవ్వదు. కాబట్టి విద్యార్థి గీసిన మరమ్మతుకు ఎవరు డబ్బు పెడతారన్నది ఎవరి పేర కాగితం ఉందన్న దానిమీద ఆధారపడుతుంది. ప్లాన్ మీద ప్రతి గదికీ వాడకం రాసినట్టే, అందులో ఉన్నది యజమానా, కిరాయిదారా, కిరాయిదారు కింద కిరాయిదారా అన్నది కూడా పేరు లేకుండా రాయడం మంచి అలవాటు.

అభ్యంతరాలు, సమాధానాలు

మొదటి అభ్యంతరం బలమైనది: స్టేషన్ పక్కన, మెట్రో పక్కన ఉన్న విలువైన భూమిలో 40 గజాల ఇళ్లకు మరమ్మతులు నేర్పడం లేమిని అందంగా చూపడమే, అక్కడ ఎత్తయిన కొత్త భవనాలు రావాలి అని. రవాణా కేంద్రం పక్కన ఎక్కువమంది ఉండటం మంచిదే. కానీ ఎవరు ఉండాలన్న ప్రశ్న మిగిలిపోతుంది. భోయిగూడ ఐడీహెచ్ కాలనీలో 2015లో బస్తీ ఉన్నచోటే 396 రెండు పడకగదుల ఇళ్లు, ఒక్కోటి 580 చదరపు అడుగులు, కట్టి ఇచ్చారు. జనం కదలకుండా ఇళ్లు బాగుపడవచ్చని అది చూపింది, అందుకు దాన్ని గౌరవించాలి. ఆ రెండు పడకగదుల ఇళ్ల పథకం కిందే అవుటర్ రింగ్ రోడ్డు దగ్గర కొల్లూరులో 2023లో 15,660 ఇళ్లు ప్రారంభమయ్యాయి. అక్కడ ఇల్లు దొరికినవాడికి స్టేషన్ దగ్గరి అడ్డా, బండి పెట్టుకునే మూల దొరకవు. పథకం పడకగదులను లెక్కపెట్టింది. జీవనోపాధికి గది లెక్కలో లేదు. ఎత్తు పెంచడం తప్పని ఈ వాదన అనడం లేదు. ఉన్న వ్యాపారాలనూ కిరాయిదారులనూ అంకెలతో పట్టికలో రాసుకుని, కొత్త భవనంలో వాటన్నింటికీ చోటు చూపిన తరువాతే ఎత్తు గురించి మాట్లాడాలంటోంది. ఆ పట్టిక కొలత పని లేకుండా రాదు.

రెండో అభ్యంతరం ప్రమాదాల నుంచే వస్తుంది: కింద వ్యాపారం పైన నిద్ర ఇంత ప్రాణాంతకమైతే రెంటినీ విడదీయడమే పరిష్కారం కదా. పెద్ద గోదాములు, రసాయనాలు, బ్యాటరీలు నిల్వ చేసే చోట ఇది నిజం, అక్కడ నివాసం ఉండనే కూడదు. ఏవి కలవకూడదో నేర్పడం ఈ కోర్సులో మొదటి పాఠంగా ఉండాలి. కిరాణా, దర్జీ, టీ కొట్టు సంగతి వేరు. వాటిని విడదీస్తే ఆ కుటుంబం రెండు కిరాయిలు కట్టాలి. కట్టలేక తిరిగి దుకాణంలోనే పడుకుంటుంది, ఈసారి ఎవరికీ కనిపించకుండా. భోయిగూడలో చనిపోయిన కార్మికులు ఇల్లుగా లెక్కకు రాని చోట పడుకున్నవారు. నిషేధం నిద్రను ఆపదు, దాన్ని తనిఖీకి అందని చోటికి తరుముతుంది.

మూడోది విద్యార్థుల గురించి. ఒక సెమిస్టరులో వచ్చి, కొలిచి, ప్రశ్నలడిగి, ఆశ పెట్టి వెళ్లిపోతారు. పేట వారికి ప్రయోగశాల అవుతుంది. పైగా ఇరవై ఏళ్లవాళ్ల మాట మీద ఎవరు గోడ కొడతారు. ఈ విమర్శలో న్యాయం ఉంది. దానికి సమాధానం పేటకు పోకపోవడం కాదు, తిరిగి తిరిగి పోవడం. విద్యార్థి గీత అనుమతి పత్రం కాదని మొదటి రోజే చెప్పాలి. గోడ ముట్టుకునే ప్రతి సూచన మీదా రిజిస్టర్డ్ ఆర్కిటెక్టు, స్ట్రక్చరల్ ఇంజనీరు సంతకం ఉండాలి. విద్యార్థులు పూర్తిగా చేయగలిగినది, వాళ్లు తప్ప వేరెవరూ చేయనిది ఒకటి ఉంది: కొలత చిత్రాలు. పాత బజారు ఇంటికి ప్లాన్ కాగితం ఉండటం అరుదు. ఒక గల్లీలోని ఇళ్లన్నింటికీ సరైన ప్లానూ సెక్షనూ ఉంటే, రుణానికైనా, అగ్నిమాపక శాఖకైనా, వారసుల పంపకానికైనా ఇంటివాడికి అవి పనికొస్తాయి. స్టూడియోలో డిజైన్ బాగా కుదరకపోయినా ఆ చిత్రాలు మిగులుతాయి.

మూల్యాంకనం

ఇప్పటి జ్యూరీల్లో మార్కులు ఎక్కువగా చివరి రోజు గోడమీద కనిపించే షీట్లకు, నమూనాకు పడతాయి. బజారు పేట స్టూడియోకు వేరే తూకం కావాలి. కొలత చిత్రాల ఖచ్చితత్వానికి, ఉన్నవాళ్ల పట్టికకు, మంటలు లేస్తే ప్రతి పడక నుంచీ రెండు దారులు చూపే సెక్షన్‌కు, ప్రతిపాదన తరువాత ఎవరు ఎక్కడ ఉంటారో చెప్పే పటానికి కలిపి సగం మార్కులు పోయినా ఎక్కువ కాదు. జ్యూరీలో ఒక మేస్త్రీ, ఒక అగ్నిమాపక అధికారి, ఒక కిరాయిదారు కూర్చోవాలి. వాళ్లకు అర్థం కావాలంటే కొలతలు మిల్లీమీటర్లతో పాటు అడుగులు, అంగుళాల్లో, గది పేర్లు తెలుగు, ఉర్దూ, హిందీల్లో ఉండాలి. ఇంటివారు చూపిన తప్పులు దిద్ది, ఒక ప్రతి ఇంటివారికి, ఒక ప్రతి కళాశాల గ్రంథాలయానికి ఇచ్చిన తరువాతే సెమిస్టరు ముగిసినట్టు లెక్క. వచ్చే ఏడాది బ్యాచ్ ఆ ప్రతితోనే గల్లీలోకి అడుగుపెట్టి, మధ్యలో ఏ తలుపు మూతపడింది, ఏ మిద్దె మీద కొత్త రేకు వచ్చింది, ఏ కిరాయిదారు మారాడు అన్నది అదే చిత్రం మీద వేరే రంగుతో గుర్తిస్తుంది.